మధుమేహము, రక్తములోని నలుసులు, మూత్రపిండములు

'ప్లేట్‌లెట్లు' అను మాట మన గ్రామములకు డెంగీ జ్వరముతో వచ్చినది. ఇంటిలో ఒకరికి జ్వరము తగిలినంతనే "ప్లేట్‌లెట్లు ఎంత ఉన్నవి?" అని అడుగుట నేడు గుడివాడ బజారులోను, అవనిగడ్డ బస్సు స్టాండులోను కూడ వినబడుచున్నది. లెక్క లక్షకు దిగినదని భయపడుటయు, బొప్పాయి ఆకు రసము త్రాగించుటయు, రాత్రికి రాత్రి పట్టణమునకు పరుగెత్తుటయు అందరును ఎరిగినవే. కావున ఈ కణములను పంచాయతీ సభ్యులకు క్రొత్తగా పరిచయము చేయనక్కరలేదు. అయితే డెంగీలో ఇవి తగ్గుటవలన కలుగు ప్రమాదము ఒకటి. మధుమేహములో ఇవి తగ్గకయే, లెక్కకు సరిగా నుండియే చేయు కీడు వేరొకటి. ఈ రెండవదానిని గూర్చి గ్రామములలో చెప్పువారు తక్కువ. ఏలయన అందు జ్వరము లేదు, నొప్పి లేదు, బండి కట్టించి పరుగెత్తవలసిన రాత్రి లేదు. పదియేండ్లు, పదునైదేండ్లు చడీచప్పుడు లేక సాగి, తుదకు మనిషిని డయాలిసిస్ యంత్రము ప్రక్కకు చేర్చును.

మచిలీపట్టణము, గుడివాడ, దివిసీమ ప్రాంతములలో చక్కెర వ్యాధి లేని వీధి నేడు అరుదు. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యమున జరిగి 2023లో వెలువడిన సర్వేలో దేశమున 10 కోట్ల పైచిలుకు ప్రజలకు మధుమేహము కలదని తేలినది. పట్టణములతో పోల్చినచో గ్రామములలో తక్కువే యైనను, గ్రామ ప్రాంతములందు 20 ఏండ్లు నిండిన వారిలో నూటికి 9 మందికి సుమారుగా ఈ వ్యాధి ఉన్నట్లు ఆ సర్వే చెప్పుచున్నది. 2,000 మంది పెద్దలున్న గ్రామమునకు ఈ లెక్క కట్టినచో 180 మంది తేలుదురు. మధుమేహము గలవారిలో మూడవ వంతు, కొన్ని చోట్ల అంతకు మించి, కాలక్రమమున మూత్రపిండముల దెబ్బకు లోనగుచుందురని వైద్యుల అనుభవము. అనగా అట్టి యొక్క గ్రామములోనే 60 మంది. వీరెవరో వారికి గాని, మనకు గాని తెలియకపోవుటయే ఇందలి చిక్కు.

ఇక విషయములోనికి వచ్చెదము. మన రక్తములో ఎఱ్ఱ కణములు, తెల్ల కణములు గాక మూడవ జాతి కణములు కలవు. వీనినే శాస్త్ర గ్రంథములలో రక్తఫలకికలు అందురు. ఇవి ఎముకల మూలుగలోని పెద్ద కణముల నుండి తునకలు తునకలుగా విడివడి రక్తములోనికి వచ్చును. ఒక మిల్లీమీటరును వేయి భాగములు చేసినచో అందు రెండు మూడు భాగములంత వెడల్పు మాత్రమే వీనికి ఉండును. సూదిమొనపై నిలుచు రక్తపు బొట్టులో, అనగా ఒక ఘన మిల్లీమీటరు రక్తములో, లక్షన్నర నుండి నాలుగున్నర లక్షల వరకు ఉండుట ఆరోగ్యము. వీని ఆయుర్దాయము ఏడు మొదలు పది దినములు. ఇటలీ దేశస్థుడగు బిజోజెరో అను వైద్యుడు 1882లో వీనిని స్పష్టముగా గుర్తించి, రక్తము గడ్డకట్టుటలో వీని పాత్ర ఏమో చూపెను. వరి కోతలో కొడవలి వ్రేలికి తగిలినప్పుడు నాలుగైదు నిమిషములలో రక్తము నిలుచుట వీని చలవయే. గట్టుకు గండి పడినచోట ముందుగా ఇసుక బస్తాలు వేయువారి వలె, ఇవి తెగిన రక్తనాళము వద్దకు చేరి, ఒకదానికొకటి అంటుకొని, గండి పూడ్చును.

పూడ్చు సమయమున ఇవి ఉద్రేకము చెందును. ఉద్రేకించిన కణము తన పై పొరనుండి అతి సూక్ష్మమైన బుడగలను విడుచును. ధాన్యము మరపట్టునపుడు గింజ నుండి నూకయు, తవుడును రాలునట్లు, ఈ నలుసులు రాలి రక్తములో తిరుగుచుండును. 1967లో ఇంగ్లండునందు పీటర్ వుల్ఫ్ అను శాస్త్రజ్ఞుడు వీనిని గమనించి ప్లేట్‌లెట్ల ధూళి అని పేరు పెట్టెను. ధూళి యనగానే పనికిరాని వస్తువని చాలకాలము తలచిరి. తరువాత తేలినదేమనగా, తవుడులో సారమున్నట్లే ఈ ధూళిలోను సారమున్నది. తల్లి కణములోని మాంసకృత్తులను, రసాయన సంకేతములను ఈ నలుసులు మోసుకొనిపోయి ఇతర కణములకు అందించును. వీని పై పొరకు రక్తమును గడ్డకట్టించు గుణము కూడ హెచ్చు. గాయమైనచోట ఇది మేలే. గాయమే లేనిచోట, రేయింబవళ్ళు, శరీరమంతటను ఈ నలుసులు తిరుగుచుండినచో మాత్రము మేలు కాదు.

మధుమేహమున జరుగునది ఇదియే. రక్తములో చక్కెర హెచ్చుగా నిలుచునపుడు ప్లేట్‌లెట్లు చిన్న కారణమునకే ఉద్రేకించును. లెక్క పెట్టిన మామూలుగానే ఉండును. డెంగీకి చేయు రక్తపరీక్షలో ఇది ఏమియు కనబడదు. కాని వాని నుండి రాలు నలుసుల సంఖ్య ఆరోగ్యవంతులలో కంటె హెచ్చుగా నుండుట పలు దేశముల పరిశోధకులు కనుగొనిరి. కంటి వెనుకటి పొరలోను, గుండెలోను, మూత్రపిండములలోను ఉండు సన్నని రక్తనాళములకు ఈ నలుసుల తాకిడి హెచ్చుగా తగులును. ఇక్కడ మూత్రపిండముల సంగతియే చెప్పుదుము.

మన నడుమునకు ఇరుప్రక్కల పిడికెడంత పరిమాణమున నుండు ఈ అవయవములు ఒక్కొక్కదానిలో సుమారు పది లక్షల వడపోత యంత్రములు ఉన్నవి. ఒక్కొక్క యంత్రమునందు వెంట్రుక కంటె సన్నని రక్తనాళములు ఉండగా చుట్టుకొని యుండును. రోజునకు ఇంచుమించు 180 లీటర్ల ద్రవము ఈ ఉండల గుండ వడియును. అందు దాదాపు అంతయు తిరిగి రక్తములోనికే పీల్చుకొనబడి, లీటరున్నర, రెండు లీటర్లు మాత్రమే మూత్రముగా వెడలును. గుడివాడ ప్రాంతమున చేపల చెరువులకు కాలువ నీరు పెట్టువారు తూము మూతికి సన్నని కన్నుల వల కట్టుట మీకు తెలియును. నీరు పోవలెను, చేప పోరాదు. మూత్రపిండములోని వల కూడ అట్టిదే: మలిన పదార్థములు, నీరు బయటికి పోవలెను, ఆల్బుమిన్ అను విలువైన మాంసకృత్తు లోపలనే ఉండవలెను. ఈ వలకు మూడు పొరలు. రక్తమునకు తగిలియుండు లోపలి పొర మొదటిది, నడుమ పలుచని తెర రెండవది, ఆ తెరను వేళ్ళ వంటి కొనలతో పట్టుకొనియుండు కణముల వరుస మూడవది.

ప్లేట్‌లెట్ల నలుసులు మొదట దెబ్బ తీయునది ఆ లోపలి పొరనే. 2018లో చైనా దేశమందలి నాంజింగ్ నగర పరిశోధకులు ఈ విషయమును ఎలుకలలోను, గాజుపాత్రలలో పెంచిన కణములలోను పరీక్షించి చూచిరి. మధుమేహము కల్పించిన ఎలుకల రక్తములో ఈ నలుసులు పెరిగినవి. అవి వడపోత ఉండల లోపలి పొరకు అంటుకొని, తాము మోసుకొనివచ్చిన సంకేతముల ద్వారా ఆ కణములను రెచ్చగొట్టి, వాపునకు గురిచేసి, పొరను సడలించినవి. ప్లేట్‌లెట్ల ఉద్రేకమును అణచు ఆస్పిరిన్ ఇచ్చిన ఎలుకలలో ఈ కీడు తగ్గినది. పొర సడలినచో వల కన్ను పెద్దదగును. అప్పుడు ఆల్బుమిన్ కొద్ది కొద్దిగా మూత్రములోనికి జారును.

ఇక్కడ ఒక మాట స్పష్టముగా చెప్పవలసియున్నది. మూత్రపిండము చెడుటకు ఈ నలుసులే సర్వకారణమని మేము చెప్పుటలేదు. రక్తపు పోటు, హెచ్చిన చక్కెర నేరుగా చేయు హాని, వడపోత ఉండలలో పెరుగు ఒత్తిడి, పొగాకు, వంశములో వచ్చు బలహీనత ఇవన్నియు కలిసి చేయు పని ఇది. నలుసులు ఆ ముఠాలో ఒకరే గాని ముఠానాయకులు కారు. మరియు ఎలుకలో కనబడినది మనిషిలో అట్లే జరుగునని పత్రికలవారు వ్రాసినంత తేలికగా వైద్యులు ఒప్పుకొనరు. ఆ ఒప్పుకొనకపోవుటయే సరియైన పద్ధతి. ఈ నలుసులను లెక్కించి రోగమును నిర్ణయించు పరీక్ష సామాన్య ఆసుపత్రులలో లేదు. వీనిని తొలగించుటకని మూత్రపిండ వైద్యులు వాడు మందును లేదు. ఎవరైన అట్టి పరీక్షనో, అట్టి పొడినో గ్రామమునకు తెచ్చి అమ్మజూపినచో సభ్యులు వానిని గట్టిగా ప్రశ్నింపవలెను.

ఆస్పిరిన్ విషయము మరింత జాగ్రత్తగా చెప్పవలెను. ఎలుకలకు మేలు చేసినదని విని చక్కెర రోగులు తమంతట తాము ఆస్పిరిన్ మ్రింగరాదు. కడుపులో పుండ్లు పడి రక్తస్రావము కావచ్చును. డెంగీ వచ్చినప్పుడు అది మరింత ప్రమాదము. గుండెజబ్బు నిమిత్తము వైద్యుడు వ్రాసియిచ్చినవారు మాత్రము వైద్యుని అడుగక దానిని మానరాదు.

దీనికంటె పెద్ద కీడు మన గ్రామములలో వేరొకటి జరుగుచున్నది. నాట్లు వేయు స్త్రీలు, ధాన్యపు బస్తాలు మోయువారు, నాగాయలంక వైపు వలలు లాగు మత్స్యకారులు ఒళ్ళునొప్పులకు కిల్లీ కొట్టులోనో, మందుల అంగడిలోనో మాత్రలు కొని దినదినము వాడుచున్నారు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ మున్నగు ఈ మాత్రలు మూత్రపిండమునకు రక్తము పోవు దారిని ఇరుకు చేయును. ఆరోగ్యవంతునికి ఒకటి రెండు దినములు వాడినందువలన సాధారణముగా కీడు రాకపోవచ్చును. చక్కెర వ్యాధి గలవాడు ఎండలో చెమటోడ్చి, నీరు సరిగా త్రాగక, నెలల తరబడి వీనిని వాడినచో ముందే సడలిన వల మరింత చినుగును. కష్టము చేయువానిని నొప్పి ఓర్చుకొమ్మనుట న్యాయము కాదు. ఏ మాత్ర, ఎన్ని దినములు అను సంగతి ఆరోగ్య కేంద్రములో అడిగి తెలిసికొనుమని చెప్పుట న్యాయము.

నొప్పి లేని వ్యాధిని కనిపెట్టుట ఎట్లు? మచిలీపట్టణము రేవులో తుపాను సూచిక జెండా ఎగురవేయుట ఉప్పెన వచ్చిన తరువాత కాదు గదా. మూత్రపిండమునకు అట్టి ముందు సూచిక ఒకటి కలదు. అది మూత్రములో జారు ఆల్బుమిన్. మూత్రములోని ఆల్బుమిన్‌ను క్రియాటినిన్ అను మలినముతో పోల్చి లెక్క కట్టుదురు. గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాముల లోపు ఉండుట మామూలు. 30 నుండి 300 వరకు ఉన్నచో వల సడలుట ఆరంభమైనదన్న మాట. 300 దాటినచో రోగము ముదురుచున్నది. ఒక్కసారి హెచ్చుగా వచ్చినంత మాత్రమున భయపడనక్కరలేదు. జ్వరము, తీవ్రశ్రమ, మూత్రనాళములలోని చీము కూడ లెక్కను పెంచును. మూడు మాసములలో తిరిగి ఒకటి రెండుమార్లు చూడవలెను. పట్టీ ముంచి రంగు చూచు పరీక్ష చౌకయే గాని, మొదటి దశలోని కొద్దిపాటి ఆల్బుమిన్‌ను మామూలు పట్టీ పట్టలేదు. "పట్టీ పెట్టి చూచినారు, ఏమియు లేదన్నారు" అని నిశ్చింతగా నుండువారికి ఈ మాట చెప్పవలసియున్నది. దీనితోపాటు రక్తములో క్రియాటినిన్ చూచి, దానినిబట్టి వడపోత వేగమును లెక్కింతురు. ఆ వేగము మూడు నెలలకు మించి 60 కంటె తక్కువగా నున్నచో మూత్రపిండ వ్యాధి స్థిరపడినట్లు ఎంచుదురు.

పెద్ద వయస్సులో చక్కెర వ్యాధి బయటపడినవారు ఆ దినముననే ఈ రెండు పరీక్షలు చేయించుకొని, ఆపై ఏటేట చేయించుకొనవలెను. చిన్ననాటనే వచ్చి ఇన్సులిన్‌పై ఆధారపడువారికి వ్యాధి వచ్చిన అయిదేండ్ల నుండి ఏటేట. మూత్రములో నురుగు, పాదముల వాపు, తెల్లవారునప్పటికి మొగము ఉబ్బుట కనబడువరకు వేచియుండువారు ఆలస్యము చేసినవారే. ఇంకొక విచిత్రము: మూత్రపిండము బాగుగా చెడిన పిమ్మట కొందరికి చక్కెర తగ్గుట మొదలిడును. ఇన్సులిన్‌ను శరీరమునుండి వెడలగొట్టు శక్తి మూత్రపిండమునకు తగ్గుటయే దానికి ఒక కారణము. ఎరుగనివారు చక్కెర వ్యాధి నయమైనదని సంతసించి మందులు మానుచుందురు.

మూత్రపిండ వ్యాధి యనగానే మన ప్రాంతమువారికి ఉద్దానము గుర్తు వచ్చును. శ్రీకాకుళము జిల్లాలోని ఆ ప్రాంతమునందు మధుమేహము లేని రైతులు, కూలీలు కూడ దశాబ్దములుగా ఈ వ్యాధి పాలగుచున్నారు. 2023 డిసెంబరులో పలాసలో ఇందుకై ప్రత్యేకముగ ఆసుపత్రియు, పరిశోధన కేంద్రమును ప్రారంభమైనవి. పూర్వపు కృష్ణా జిల్లాలో నుండి 2022లో ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన ఎ.కొండూరు మండలపు తండాలలోను ఇట్టి వ్యాధి కలదు. అక్కడి కారణములపై ఇంకను చర్చ సాగుచున్నది. దానినిబట్టి దివిసీమలో ఎవరి మూత్రపిండము చెడినను "ఉప్పునీటి వలననే" అనుట పరిపాటియైనది. సముద్రమునకు చేరువనున్న గ్రామములలో మంచినీటి కొరత నిజమే. రక్షిత మంచినీటికై పంచాయతీలు చేయు ప్రయత్నము ఎన్నడును మానరాదు. కాని నేరమంతయు నీటిపై మోపి, ఇరువది యేండ్లుగా అదుపులేని చక్కెరను, రక్తపు పోటును మరచినచో, మంచినీటి ట్యాంకు కట్టించిన పిమ్మట కూడ రోగులు పెరుగుచునే యుందురు.

సంతోషింపదగిన విషయమేమనగా, మొదటి దశలో కనిపెట్టినచో వ్యాధిని నెమ్మదింపజేయు మార్గములు నేడు ఉన్నవి. రక్తపు పోటు తగ్గించు కొన్ని మందులకు వడపోత ఉండలలోని ఒత్తిడిని తగ్గించు ప్రత్యేక గుణము కలదని 1993లోను, 2001లోను వెలువడిన పరీక్షలు నిరూపించినవి. ఇవి గర్భిణులకు పనికిరావు. వైద్యుని పర్యవేక్షణలోనే వాడవలెను. మూత్రము ద్వారా చక్కెరను వెడలించు మరియొక జాతి మాత్రలు మూత్రపిండమును కూడ కాపాడునని 2019, 2020 సంవత్సరములలో తేలినది. వీనిలో డాపాగ్లిఫ్లోజిన్ అను మాత్రను మన దేశములో పలు కంపెనీలు తయారుచేయుటచేత వెల తగ్గి సామాన్యులకు అందుబాటులోనికి వచ్చినది. రక్తపు పోటును 130/80 దరిదాపులకు తెచ్చుట, చక్కెరను అదుపులో నుంచుట, పొగ మానుట ఈ మందులన్నిటికిని పునాది. చక్కెరయు పోటును అదుపులోనికి వచ్చినకొలది సన్నని రక్తనాళములపై పడు తాకిడియు తగ్గును.

ఆహారమును గూర్చి కృష్ణా డెల్టావారికి ఉపదేశము చేయుట సాహసమే. మూడు పూటల వరి అన్నము, ఆవకాయ, ఉప్పుచేప ఉన్న చోట చక్కెరకును, పోటుకును కొదవ ఉండదు. అన్నము సగము చేసి కూర, పప్పు పెంచుమని చెప్పుట తేలిక. మధ్యాహ్నము పొలములో నుండి వచ్చినవానికి వడ్డించు ఇల్లాలికే అందలి కష్టము తెలియును. ఐనను ఊరగాయను, ఎండుచేపను దినదినము గాక అప్పుడప్పుడు తినుట అసాధ్యమేమి కాదు. బందరు లడ్డునకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించుట మనకందరకు గర్వకారణమే గాని, చక్కెర వ్యాధి గల సర్పంచి గారికి సన్మానసభలో అది పెట్టకున్నను మర్యాదకు లోపము రాదు.

పంచాయతీ సభ్యులు చేయదగిన పని పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ముప్పది యేండ్లు దాటినవారికి చక్కెర, పోటు పరీక్షలు చేయు కార్యక్రమము గ్రామ ఆరోగ్య కేంద్రముల ద్వారా జరుగుచున్నది, పేర్లు ఎ.ఎన్.ఎం. వద్దను, ఆశా కార్యకర్త వద్దను ఉండును. ఆ పేర్లలో చక్కెర వ్యాధి గలవారెందరు, వారిలో ఈ యేడు మూత్రములో ఆల్బుమిన్, రక్తములో క్రియాటినిన్ చూపించుకొన్నవారెందరు అని పంచాయతీ సమావేశములో అడుగుట సభ్యులకు చేతనైన పని. రోగుల పేర్లు సభలో చదువరాదు, సంఖ్య చాలును. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో ఆల్బుమిన్ పరీక్ష లేనిచో నమూనాలు పై ఆసుపత్రికి పంపు ఏర్పాటు కోరవచ్చును. గుడివాడలో ప్రాంతీయ ఆసుపత్రి ఉన్నది. మచిలీపట్టణములో 2023 నుండి ప్రభుత్వ వైద్య కళాశాల నడచుచున్నది. అడిగినచోటికే సౌకర్యము ముందుగా వచ్చునన్నది పంచాయతీలవారు ఎరిగిన సత్యమే.

ఇప్పటికే డయాలిసిస్‌కు పోవుచున్నవారి సంగతి వేరు. వారానికి రెండు మూడు మారులు, మారునకు సుమారు నాలుగు గంటలు యంత్రము ప్రక్కన పడియుండవలెను. 2016లో ప్రకటింపబడిన ప్రధానమంత్రి జాతీయ డయాలిసిస్ పథకము క్రింద పేద కుటుంబములకు ఈ సేవ ఉచితము. రాష్ట్ర ప్రభుత్వము డయాలిసిస్ రోగులకు పింఛను కూడ ఇచ్చుచున్నది. యంత్రము ఉచితమైనను ప్రయాణము ఉచితము కాదు, వెంట వచ్చు కొడుకు కూలి తిరిగి రాదు. ఎదురుమొండి దీవినుండి కృష్ణ దాటి రావలసినవారికి ప్రతి మారును ఒక దినము గడచిపోవును.

తుపాను దినములలో ఈ చిక్కు ప్రాణముల మీదికి వచ్చును. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను దివిసీమ మరువలేదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల వద్ద తీరము దాటినది. 2024 సెప్టెంబరు ఆరంభమున ప్రకాశం బారేజి నుండి 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద దిగువకు రాగా లంక గ్రామములు నీట మునిగినవి. అట్టి వేళలలో నెలలు నిండిన గర్భిణులను ముందుగా ఆసుపత్రులకు చేర్చు మంచి అలవాటు మన రాష్ట్రమునకు కలదు. డయాలిసిస్ రోగి రెండు మారులు తప్పినచో ఒంటిలో నీరును, పొటాషియమును పెరిగి ఊపిరి ఆడక, గుండె లయ తప్పి ప్రమాదము రావచ్చును. కావున గర్భిణుల జాబితా ప్రక్కనే గ్రామములోని డయాలిసిస్ రోగుల జాబితాను కూడ, వారు పోవు కేంద్రము పేరు, వారపు దినములతో సహా, పంచాయతీ కార్యదర్శి వద్ద సిద్ధముగా నుంచవలెను. హెచ్చరిక రాగానే, దారులు మూతపడక మునుపే, తహసీల్దారు కార్యాలయమునకు ఆ కాగితము చేరవలెను.